తెల్లబట్టకు మరాఠీ

సిరొంచ దవాఖానల నా కొలువు నర్సుది,
పని మాత్రం దుబాసిది.
రామ్‌టెకే డాక్టరుది నాగపూర్.
పొద్దుగాల లైను కట్టే ఆడోళ్లది తెలుగు.
నడుమ పచ్చ పరద, పరద అంచున నేను.

కొలువుల చేరిన కొత్తల ఒకామె అన్నది:
తెల్లబట్ట అయితాంది.
ఉన్నదున్నట్టు బట్ట అనే చెప్పిన మరాఠీల.
డాక్టరు ఆమె కొంగు దిక్కు చూసిండు.
అది గులాబి రంగు.
ఆ పొద్దు ఇద్దరం నవ్వినం.
ఆమె నవ్వలే. మళ్ల రాలే కూడ.

పోచుబాయి వచ్చింది
తునికాకు కల్లాలు ఎత్తేసినంక.
చీటి మీద నడుమునొప్పి అని రాయించుకున్నది.
సగం మంది రాయించుకునేది అదే.
నడుము మీదికి వేస్తే పాపం లేదు,
వంగి తెంపితిమి, కట్టలు మోస్తిమి,
ఎవలూ మారు మాట అడగరు.

నేను తలుపు దగ్గరికేసి అడుగుత.
తెల్లబట్ట ఎవలికైనా అయితది బిడ్డా, అది రోగం కాదు.
ఎప్పటి లెక్కనే ఉన్నదా, రంగు మారిందా?
"పెసరపప్పు కడిగిన నీళ్ల లెక్క."
ఒంటికి పోతే?
"మిరపకాయ తాకిన చేయి ఉంటది సూడు, అట్ల."
పొత్తికడుపు గుంజుతదా?
"ఎండదెబ్బ అనుకున్న."
నెల కాకముందే ఎర్రగ చుక్కలు?
కొంగు చివర ముడి వేసింది. ఇప్పింది.
"ఆయన దగ్గరికొచ్చిన తెల్లారి.
అప్పుడే."

డాక్టరు ఒక్క పేరు రాసి
పక్కన ప్రశ్న గుర్తు పెట్టిండు.
క్లామిడియా.
ఆ పేరు తెలుగుల లేదు, మరాఠీల లేదు,
ప్రాణహితకు అటు లేదు, ఇటు లేదు.
పోచుబాయి నోట్లె తిప్పి తిప్పి,
"ఏ అమ్మవారు సిస్టర్, ఈమె?"
అమ్మవారు కాదు.
బోనానికి పోదు, గోళీలకు పోతది.
బూడిద రంగు డబ్బ చేతుల పెట్టిన.
ఏడు రోజులు దగ్గర పడుకోవద్దన్న.
ఓదెలును తోల్కరమ్మన్న.
"ఆయనకేముంది? మంచిగున్నడు."

గిదే, గీడనే చెప్పుడు కష్టం.
ఈ రోగానికి పెద్ద గుర్తు
ఏ గుర్తూ లేకపోవుడు.
మంట ఉన్నోళ్లు మా తలుపు కొడ్తరు.
మంట లేనోళ్లే ఎక్కువ,
వాళ్లు బజారుల టమాటలు బేరం చేస్తాంటరు.

మూడో రోజు ఓదెలు వచ్చిండు, నల్లద్దాలు తీయలే.
ఇసుక లారీ గేటు బయట గుర్రుమంటాంది.
మంట ఉన్నదా అంటే, ఎండకాలం గద అన్నడు.
వృషణాల నొప్పి అంటే, సీటు గట్టిదన్నడు.
పొద్దుగాల చీము లెక్క చుక్క ఎప్పుడన్న?
పంకా దిక్కు చూసిండు శానసేపు.
"పోయిన వానకాలం. రెండు దినాలు. దానంతట అదే పోయింది."
పోలే, మీ ఇంట్లకే పోయింది.
ఆ మాట అనొద్దు. మాకు ట్రైనింగుల చెప్పిన్రు.
ఎవలు ఎవలికిచ్చిన్రో రాసే గడి
నా కాయితంల లేదు.
అయినా అన్న.

నాకు ఏ చుక్కా రాలే, ఏ మంటా లేకుండె.
ఏడేండ్లు పిల్లలు కాకపోతే
నాగపూర్ల గర్భసంచిలకు రంగునీళ్లు ఎక్కించి
తెర మీద చూపిన్రు.
రెండు దిక్కులా నీళ్లు మలుపు కాడ ఆగిపోయినయ్.
ఇక్కడ రెండు నదులు కలుస్తయని
ఊరూరికి చెప్పుకునేదాన్ని.
డాక్టరమ్మ మెల్లగ మరాఠీల ఏదో అన్నది.
ఆ పొద్దు నాకు దుబాసి అక్కర పడలే.

ఇప్పుడు వంతెన అవతలి ఆడోళ్లు మా దగ్గరికొస్తరు.
మావోళ్లు వంతెన దాటి అవతలికి పోతరు.
ఎవలూ తమ ఊర్ల నడుము తప్ప ఇంకేం నొస్తదని చెప్పరు.
పోతే పోనీ. ఏ ఒడ్డునైనా చెప్పుడే ముఖ్యం.

నిన్న పోచుబాయి మళ్ల అగుపడ్డది.
వెనుక కొంగు నోటికడ్డం పెట్టుకున్న సిన్న పిల్లొకతి,
కొత్త పుస్తెలు.
చీటి రాసే పోరనితోని పోచుబాయి అంటాంది:
"నడుమునొప్పి అని రాయి నాయినా.
కడమది లోపల చెప్తది."